మొదటి వరస నుంచి రెండో వరసకి: ఆరేళ్ళ కారవాన్ వాడకం

మా కారవాన్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే ఇల్లు లాంటి బండి, కొని ఈ ఆగస్టుకి ఆరేళ్ళు నిండాయి. 2019లో మెల్‌బోర్న్ పడమటి శివారులో ఒక పెద్దాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. పదిహేడు అడుగుల బండి, ఒకటే ఇరుసు, వెనక పిల్లలకి రెండు బంకు పడకలు. మేం నలుగురం, డిసెంబరు జనవరి సెలవుల్లో తెనాలి నుంచి అత్తయ్య వస్తే ఐదుగురం. భోజనాల బల్ల మడిస్తే ఆవిడ పక్క తయారవుతుంది. లాక్‌డౌన్లలో ఇంటి ముందు కదలకుండా నిలబడ్డ నెలలు పోను, ఇప్పటికి నలభై దాకా ప్రయాణాలు చేశాం. అందులో ముప్పావు వంతు ఏదో ఒక సరస్సు గట్టు మీదే.

కొత్తగా కొనాలనుకునే మనవాళ్ళు చాలామంది నన్ను ఫోన్లో అడుగుతుంటారు: ఏ బండి కొనాలి, ఏ లేక్ బాగుంటుంది అని. ఏ బండి అన్నదానికి నా దగ్గర పెద్ద జవాబు లేదు. లేక్ గురించి మాత్రం ఉంది. క్యాంపులో బండి నిలుపుకునే చోటుని సైటు అంటారు. నీళ్ళకి ఆనుకుని ఉన్న మొదటి వరస సైటు కోసం మేం మూడేళ్ళు పాకులాడాం. ఆ తర్వాత మూడేళ్ళూ కావాలని రెండో వరస అడిగి తీసుకుంటున్నాం. అలా ఎందుకు మారామో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు బరువు సంగతి. సైటు ఎంచుకోవడం కూడా ఇక్కడినుంచే మొదలవుతుంది కాబట్టి ఓపిగ్గా చదవండి. బండికి అతికించిన రేకు మీద రెండు అంకెలు చూసుకోవాలి. టేర్ అంటే ఖాళీ బరువు, మాది 1,720 కిలోలు. ఏటీఎం అంటే సామానుతో కలిపి దాటకూడని బరువు, మాది 2,100. మధ్యలో 380 కిలోలు. చాలా ఉన్నట్టే అనిపిస్తుంది. కింద 80 లీటర్ల నీళ్ళ ట్యాంకులు రెండున్నాయి, అవి నిండితే 160 కిలోలు అక్కడే అయిపోతాయి. రెండు గ్యాస్ బండలు ఇంకో ముప్పై అయిదు. మొదటి వేసవిలో బియ్యం బస్తా, వెట్ గ్రైండరు, అందరి దుప్పట్లూ సర్దుకుని బయల్దేరితే హైవే మీద 95 దాటగానే వెనక బండి తోక ఊపడం మొదలుపెట్టింది. అలాగే నెమ్మదిగా పోయి, దారిలో వే బ్రిడ్జి ఎక్కించి చూస్తే 2,160. అరవై కిలోలు ఎక్కువ. పైగా బరువంతా వెనక బంకుల కింద పెట్టాం. కారు కొక్కెం మీద బండి మొత్తం బరువులో పదో వంతు దాకా పడాలి, మాకు అందులో సగం కూడా పడలేదు. సంగతి వినగానే అత్తయ్య అన్న మాట: "వెనక బరువేస్తే కాడి పైకి లేవదుటే? బండి కట్టేవాడు ముందు చూసుకునేది అదేగా!" చిన్నప్పుడు ఎడ్లబండి మీద పొలం వెళ్ళిన మనిషి. మాకు ఆ ఊహే రాలేదు.

అప్పటినుంచి బరువైనవన్నీ ఇరుసు పైన, నేల మీద. బియ్యం ఐదు కిలోలు మించి తీసుకెళ్ళం. మంచినీళ్ళ కుళాయి ఉన్న సైటయితే ఒక్క ట్యాంకే నింపుతాం. నీళ్ళు లేని నేషనల్ పార్కుకైతే రెండూ నింపి, ఆ మేరకి వేరే సామాను దింపేస్తాం. సైటులో కుళాయి ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న బండి బరువుని 80 కిలోలు మారుస్తుంది. అందుకే బుక్ చేసేముందే అది అడుగుతాం.

దూరం విషయంలో మా లెక్క: రోజుకి మూడొందల కిలోమీటర్లు మించకూడదు, మధ్యాహ్నం మూడు లోపు చేరాలి. చీకట్లో కొత్తచోట బండి వెనక్కి తీయడం ఒక్కసారి చేశాం, చెట్టు కొమ్మ తగిలి లైటు పోయింది. మళ్ళీ చేయలేదు.

ఇక నీళ్ళు. ఇక్కడ లేక్ అని పిలిచేవాటిలో చాలా వరకు సహజమైన సరస్సులు కావు, సేద్యం కోసం కట్టిన జలాశయాలు. మన సాగర్, శ్రీశైలం లాంటివే. ఈ సంగతి తెలియకుండానే 2020 మార్చిలో లేబర్ డే వారాంతానికి ఐల్డన్ వెళ్ళాం. నిండితే 3,334 గిగాలీటర్లు పట్టే జలాశయం అది, మన లెక్కలో సుమారు 118 టీఎంసీలు. ఫోటోల్లో నీళ్ళు గుడారాల అంచు దాకా ఉన్నాయి. మేం వెళ్ళేసరికి గట్టు కింద ఎర్రమట్టి వాలు, దాని కింద మోడులు, దాని కింద బురద, ఆ కింద ఎక్కడో నీళ్ళు. పిల్లలు ఈత దుస్తులు వేసుకుని సిద్ధంగా నిలబడ్డారు. వాలు దిగి నీళ్ళ దగ్గరికి పోయేసరికి చిన్నవాడి కాలు పిక్క దాకా బురదలో దిగబడింది, చెప్పు అందులోనే ఉండిపోయింది.

తప్పు సరస్సుది కాదు. ఇక్కడి చలికాలం, వసంతాల్లో, అంటే జూన్ నుంచి నవంబరు దాకా, వానలకి నిండుతుంది, వేసవిలో కింది పొలాలకి వదులుతారు, మార్చి నాటికి దిగిపోతుంది. పూర్తిమట్టం 288.9 మీటర్లు. గోల్బర్న్ ముర్రే వాటర్ అనే సంస్థ ఏ రోజు ఎంత ఉందో తన వెబ్‌సైట్లో పెడుతుంది. సాగర్ మట్టం పేపర్లో చూసే అలవాటున్న మనకి అది చూడటం కష్టమేమీ కాదు. మేమిప్పుడు ఐల్డన్‌కి అక్టోబరు, నవంబరుల్లోనే వెళ్తాం. ఫ్రేజర్ క్యాంపింగ్ ఏరియాలో సాయంత్రం కంగారూలు గుంపులుగా వచ్చి బండి మెట్ల పక్కనే గడ్డి మేస్తుంటే, అత్తయ్య వాటిని చూస్తూ కాఫీ చల్లారబెట్టుకుంటుంది. అక్కడ కరెంటు సైట్లు లేవు, తాగే నీళ్ళు మనమే పట్టుకెళ్ళాలి.

నడివేసవిలో నీళ్ళు నిండుగా కావాలంటే యారవోంగా ఊరి దగ్గరి ముల్వాలా సరస్సు. 1939లో ముర్రే నది మీద వియర్, అంటే అడ్డుకట్ట, కట్టి నిలిపిన నీళ్ళవి. అక్కడినుంచి రెండు పెద్ద కాలువలు బయల్దేరతాయి, ఆ కాలువలకి నీళ్ళు ఎక్కాలి కాబట్టి సేద్యం కాలమంతా మట్టం దాదాపు ఒకేలా నిలుపుతారు. మునిగి చచ్చిపోయిన రెడ్ గమ్ చెట్లు ఎనభై ఏళ్ళు దాటినా నీళ్ళలో తెల్లగా నిలబడే ఉన్నాయి. పొద్దున్నే వాటిమీద పెలికాన్లు వాలుతాయి. జనవరిలో మా మొదటి ఎంపిక ఇదే. మొదటి వరస మీద మోజు వదిలిపోయింది కూడా ఇక్కడే.

ఒక జనవరి రోజు. యారవోంగా ఒడ్డు సరస్సుకి దక్షిణాన ఉంటుంది. అంటే మొదటి వరసలో బండి పెట్టుకుంటే ఉత్తరపు గాలి నీళ్ళ మీదుగా అడ్డం లేకుండా నేరుగా మన మీదికే. ఆ రోజు నలభై డిగ్రీల ఎండ, పొద్దున్నించీ వేడిగాలి. నీళ్ళవైపు నీడ కావాలని బండి తలుపు సరస్సుకి తిప్పి, బండి పక్క గోడకి ఉండే పందిరిగుడ్డ పూర్తిగా చాపి కూర్చున్నాం. తాళ్ళు కట్టలేదు. పదకొండు గంటలకి గుడ్డ ఒకసారి ఉబ్బి టప్ మని కొట్టుకుంది. చుట్టేద్దామని లేచేలోపు రెండోసారి ఉబ్బి, ముందువైపు చెయ్యి, అదే గుడ్డని పట్టుకునే అల్యూమినియం కమ్మీ, మోకాలు ముడిచినట్టు మధ్యలోకి వంగిపోయింది. గోడకి బిగించిన చోట రివెట్లు ఒక్కొక్కటే ఊడుతున్న చప్పుడు ఇప్పటికీ నాకు చెవుల్లో ఉంది. మా ఆయన ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని వేలాడాం. లోపల అత్తయ్య పిల్లల్ని పొదివి పట్టుకుని కూర్చుంది. పక్క సైటు పెద్దాయన, ఆయన భార్య పరుగున వచ్చి సాయం పట్టారు. వాళ్ళ పందిరి తెల్లవారుజామునే చుట్టేసి ఉంది.

ఆయన ఆ సాయంత్రం చెప్పిన మాటలు నాకు ఎంతో పనికొచ్చాయి. ఇక్కడ వేసవిలో ఉత్తరపు వేడిగాలి ఒకటి రెండు రోజులు కొట్టి, ఉన్నట్టుండి నైరుతి గాలిగా తిరుగుతుంది. దాన్నే కూల్ చేంజ్ అంటారు. తిరిగే క్షణంలో గాలి ఒక్క ఊపున లేస్తుంది. అంటే ఒకే రోజు రెండు వైపుల నుంచీ దెబ్బ. అందుకని ఇక్కడి వాతావరణ శాఖ, బ్యూరో ఆఫ్ మెటియరాలజీ సూచనలో వేడి ఎంతో చూసి ఊరుకోకుండా, గాలి ఎటు నుంచి ఎటు తిరుగుతుందో, ఏ వేళకి తిరుగుతుందో చూడాలి. పందిరి ఎప్పుడూ కారవాన్‌కి ఎడమవైపే ఉంటుంది, దాన్ని మార్చలేం. మార్చగలిగేది బండి ముఖం, వరస.

రెండో వరసలో మన ముందు ఇంకో బండి, నాలుగు పొదలు ఉంటాయి. గాలి వాటికి తగిలి విరుగుతుంది. నేల కొంచెం ఎత్తు కాబట్టి వాన పడితే తడి నిలవదు, పాములకి ఇష్టమైన ఒడ్డు గడ్డికీ దూరం. 2022 అక్టోబరు వరదల్లో ముర్రే, గోల్బర్న్ నదుల ఒడ్డు క్యాంపులెన్నో మునిగాక ఆ ఎత్తు విలువ మరీ తెలిసింది. నీళ్ళు అప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి, రెండు బండ్ల సందులోంచి. ఒక్కటే షరతు: నీడ కోసం పెద్ద రెడ్ గమ్ చెట్టు కింద పెట్టకండి. గాలి లేని రోజున కూడా ఆ చెట్లు పెద్ద కొమ్మల్ని రాల్చేస్తాయి.

వాలు గురించి మా ఫ్రిజ్ నేర్పింది. మాది మూడు రకాలుగా, గ్యాసు మీదా, కరెంటు మీదా, బ్యాటరీ మీదా నడిచే ఫ్రిజ్. లోపల కంప్రెసర్ ఉండదు, బండి సమంగా లేకపోతే లోపలి ద్రవం సరిగ్గా తిరగదు, చల్లబడదు. ఒడ్డు సైట్లన్నీ నీళ్ళవైపు వాలి ఉంటాయి. ఒకసారి బద్ధకించి చక్రాల కింద దిమ్మలు పెట్టకుండా పడుకుంటే పొద్దునకి పాలు విరిగాయి, తోడేసిన పెరుగు పులిసిపోయింది. ఇప్పుడు బండి ఆగగానే మొదట బుడగ లెవెల్ లోపలి వంటగట్టు మీద పెట్టి చూస్తాం, టీ సంగతి తర్వాతే.

కరెంటు సైటు దగ్గర ఒక మాట. కారవాన్ తీగ 15 ఆంపియర్లది, దాని ఎర్త్ పిన్ను వెడల్పు, ఇంట్లో ఉండే 10 ఆంపియర్ల సాకెట్లో పట్టదు. పట్టడానికి పిన్ను అరగదీసేవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. ఏసీ తిరుగుతుండగా ఇండక్షన్ స్టవ్ పెడితే ట్రిప్ అవుతుంది, కాబట్టి వంట వేళ ఏసీ ఆపుతాం. పోపు ఎప్పుడూ బయట గ్యాసు మీదే. లోపల వేస్తే ఘాటు పరుపుల్లోకి పోయి వారం ఉంటుంది. టాయిలెట్ క్యాసెట్, అంటే కింద మురుగు చేరే డబ్బా, 19 లీటర్లు, మాకు రెండు రోజులు వస్తుంది, దాన్ని ఖాళీ చేసే డంప్ పాయింట్ ఎంత దూరమో అడిగి తీసుకోండి.

నీళ్ళలో దిగేముందు నీలి ఆకుపచ్చ నాచు హెచ్చరిక ఉందేమో చూడండి. ఆ నీళ్ళు కాచినా విషం పోదు. ముర్రే ఒడ్డున సాయంత్రం దోమలకి నిండు చేతుల బట్టలు. 2022లో జపనీస్ మెదడువాపు ఈ వైపు పందుల ఫారాల్లో బయటపడ్డాక మేం ఇది ఒక్కరోజు కూడా మరచిపోలేదు.

మాకు సంక్రాంతి ఎప్పుడూ ముల్వాలా దగ్గరే. స్కూళ్ళకి సెలవులు, అత్తయ్య ఇక్కడే ఉంటుంది. ఒక భోగినాడు టోటల్ ఫైర్ బ్యాన్ పడింది. బయట మంట వెలిగించకూడదు. అత్తయ్య ఏమీ అనలేదు. పందిరి కింద చాప మీద ముగ్గు వేసి, మధ్యలో బ్యాటరీ లాంతరు పెట్టి, పిల్లల్ని కూర్చోబెట్టి భోగిపళ్ళు పోసింది. రేగుపళ్ళు దొరకలేదు, చెర్రీలు, చిల్లర నాణేలు, బంతి రేకులు. పక్క బండ్ల పిల్లలు ముగ్గురు వచ్చి మాకూ పోయమని వరసలో కూర్చున్నారు.

ఇక బండి మీద నా ఫిర్యాదు. నాలుగో ఏట ముందు కిటికీ కింద గోడ మెత్తబడింది. పైకప్పు అతుకులోంచి వాన నీళ్ళు దిగి లోపలి చెక్క చట్రం నానిపోయింది. బాగు చేయించడానికి 2,900 డాలర్లు అయింది. ఏటా ఒకసారి నిచ్చెన వేసుకుని అతుకులు చూసుకుని ఉంటే ఇంత ఖర్చు ఉండేది కాదు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు మూలల్లో బొటనవేలితో నొక్కి చూడండి, టైరు మీద నాలుగంకెల తేదీ కూడా చదవండి. మా టైర్ల మీద 2314 అని ఉంది, అంటే 2014లో 23వ వారం. అరుగుదల లేదు కదా అని వాడాం, లాక్‌డౌన్ తర్వాత చూస్తే పక్కల పగుళ్ళు. వెంటనే మార్చాం. ఇవి తప్ప మా బండి మమ్మల్ని దారిలో ఎక్కడా ఆపలేదు. మళ్ళీ కొనాల్సొస్తే ఇంతే పొడుగు, ఇంతే బరువు కొంటాను, ఫ్రిజ్ మాత్రం కంప్రెసర్‌ది.

వచ్చే జనవరికి యారవోంగాలో బుక్ చేశాం. రెండో వరస, కరెంటు ఉంది, కుళాయి ఉంది, పడమటి పక్క టాయిలెట్ల గోడ అడ్డం. అత్తయ్య ఈసారి మినప గారెలకి గ్రైండరు తప్పదంటోంది. తొమ్మిది కిలోలు, ఇరుసు పైన సోఫా కింద చోటు కొలిచి పెట్టాను, పడుతుంది.