వెనిస్‌లో ఒక్క రోజే ఉంటే: శాన్ మార్కోనా, కన్నరేజోనా?

పొద్దున రైల్లో దిగి రాత్రికి వెళ్లిపోయేవాళ్ల కోసమే ఇది. రెండూ వెనిస్‌లోని పేటలే: శాన్ మార్కో అందరూ పరిగెత్తే పెద్ద చౌకు ఉన్న చోటు, కన్నరేజో స్టేషన్ వైపు ఉన్న పాత పేట. రెండు రోజులు ఉండేవాళ్లకు ఈ గొడవే లేదు, రెండూ చూసుకోవచ్చు.

శాంటా లూచియా స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా గ్రాండ్ కెనాల్. అక్కణ్ణుంచి సందు సందుకీ గోడల మీద 'పెర్ శాన్ మార్కో' (శాన్ మార్కోకి దారి) అని బాణం గుర్తులు, వాటి వెంట పుష్కరాల్లో ఘాట్‌కి వెళ్తున్నట్టు జనం. మేమూ మొదటిసారి అలాగే వెళ్లాం. అక్కడి డోజుల (వెనిస్ పాత పాలకుల) ప్యాలెస్ బాగుంది, కాదనను. కానీ బసిలికాకి, అంటే అక్కడి పెద్ద చర్చికి, ఒక క్యూ, గంటగోపురానికి ఇంకో క్యూ, ఈలోపు మా అత్తగారికి కాళ్లు లాగేసి, కనపడిన హోటల్లో కూలబడ్డాం. పిజ్జా అట్టముక్కలా ఉంది. బిల్లులో తిన్నదానికి కాక మనిషికింత అని 'కోపెర్తో' కూడా పడింది. అంటే బల్ల దగ్గర కూర్చున్నందుకు. అది మోసం కాదు, ఇటలీలో మామూలే, మెనూలోనే రాసి ఉంటుంది, మేమే చదవలేదు.

రెండోసారి జనంతో పోకుండా ఎడమవైపు తిరిగి కన్నరేజో వెళ్లాం. పది నిమిషాల నడకలో పాత యూదుల పేట. 1516లో యూదులందరినీ ఆ చిన్న దీవిలోనే ఉండమన్నారు, రాత్రిళ్లు గేట్లు వేసేసేవారు. ఒక వర్గంవాళ్లని విడిగా ఉంచే పేటని ఘెట్టో అంటారే, ఆ మాట ప్రపంచానికి అక్కణ్ణుంచే వచ్చింది. పక్కకి పెరిగే చోటు లేక ఇళ్లు పైకి పెంచుకున్నారు, అందుకే మిగతా ఊరికంటే అక్కడి మేడలు పొడుగు, అంతస్తులు మాత్రం పొట్టి. టికెట్ లేదు, క్యూ లేదు.

తిండికైతే పోలికే లేదు. మిజెరికోర్దియా కాలవ గట్టున 'బాకరో'లు వరసగా ఉంటాయి, నిలబడి తినే చిన్న కొట్లు. అద్దాల వెనక ఉన్న 'చికెట్టి' చూసి వేలు చూపిస్తే చాలు: చిన్న బ్రెడ్డు ముక్క మీద ఏదో ఒకటి. మందు తాగేవాళ్లకు 'ఓంబ్రా' అని చిన్న గ్లాసుడు వైన్. శాకాహారులు మాత్రం జాగ్రత్త, తెల్లగా వెన్నలా కనిపించేది చాలాసార్లు ఎండుచేప ముద్ద, వేయించిన మొజరెల్లా చీజు మధ్యలో కూడా చిన్న చేపో హామ్మో (పంది మాంసం) ఉండొచ్చు. అడిగి తీసుకోండి. అత్తగారు వంకాయ ముక్కా చీజూ పెట్టినది రెండుసార్లు తెప్పించుకున్నారు, ఇంక వేరే సర్టిఫికెట్ ఎందుకు!

ఇక గొండోలా, అంటే వెనిస్ తెడ్డు పడవ సంగతి. పగలు అరగంటకి 90 యూరోలు, అయితే అది పడవకి, మనిషికి కాదు. ఐదుగురు ఎక్కితే ఫరవాలేదు, ఇద్దరికైతే నాకు చేతులు రాలేదు. ఫొటో కోసమైతే 2 యూరోలకి కెనాల్ దాటించే 'త్రగెట్టో' ఉంది, అదీ గొండోలాయే, రెండు నిమిషాల్లో ముచ్చట తీరిపోతుంది. పబ్లిక్ పడవ వపొరెట్టో ఒక్క టికెట్టు 9.50, రోజంతా పాస్ 25. మూడుసార్లు ఎక్కేలా ఉంటే పాసే తీసుకోండి.

నన్నడిగితే పగలు కన్నరేజో, సాయంత్రం శాన్ మార్కో. అప్పటికి బసిలికా మూసేస్తారు కాబట్టి లోపలి బంగారు మొజాయిక్‌లు (చిన్న ముక్కలు అతికించి చేసిన బొమ్మలు) చూడలేం, ఒప్పుకుంటాను. అవే చూడాలనుకుంటే పొద్దున్నే శాన్ మార్కోకి పోవడం తప్పదు, ముందే ఆన్‌లైన్లో టికెట్ కొనుక్కోండి. పగటి యాత్రికుల దగ్గర 2024 నుంచి కొన్ని తేదీల్లో ప్రవేశ రుసుము కూడా తీసుకుంటున్నారు. 2025లో ముందు కడితే 5, ఆలస్యం చేస్తే 10 యూరోలు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకానే, తర్వాత వచ్చేవాళ్లకు లేదు.

గోపురం ఎక్కాలంటే శాన్ మార్కోది వదిలేసి ఎదుటి దీవి శాన్ జోర్జో మజోరేది ఎక్కండి. పడవలో ఒక్క స్టాపు, లిఫ్ట్ ఉంది, క్యూ తక్కువ. పైగా శాన్ మార్కో గోపురం ఎక్కితే ఆ గోపురమే కనపడదు కదా.