చందమామ పాత బౌండ్లు: ఏళ్ల తరబడి చదివి వినిపించాక

పాత చందమామ సంచికలు కలిపి కుట్టిన బౌండ్లను చాలామంది జ్ఞాపకం కోసం కొని అలమరాలో పెట్టేస్తారు. కానీ అవి పైకి చదివితేనే పలుకుతాయి. పిల్లలకు చాలాకాలంగా చదివి వినిపిస్తున్నాక నాకు తేలింది అదే.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఈ పత్రిక 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావు చేతిలో ఉంది. కొనేటప్పుడు ముందు ఆ కాలపు సంచికలే వెతకండి. వాక్యాలు పొట్టివి. వర్ణన దాదాపు ఉండదు, రెండో మూడో వాక్యానికే చిక్కు మొదలవుతుంది. గుక్క ఎక్కడ తిప్పుకోవాలో వెతుక్కోనక్కర్లేదు. సత్రం, వరహా, పూటకూళ్ల ఇల్లు లాంటివి వస్తే ఆగి అర్థాలు చెప్పకండి. అడిగితే చెప్పండి, చాలు.

బేతాళ కథలకు ఒక పద్ధతి ఉంది. బేతాళుడు ప్రశ్న అడగగానే పుస్తకం మూసి, పిల్లల జవాబు విన్నాకే విక్రమార్కుడి జవాబు చదవాలి. సంప్రదాయంగా ఈ కథలు 25. పత్రిక మాత్రం అదే చట్రంలో దశాబ్దాలపాటు కొత్తవి వేస్తూ పోయింది కాబట్టి అన్నీ ఒక్క స్థాయిలో ఉండవు. మంచి కథలో ఇద్దరి పక్షానా న్యాయం కనిపిస్తుంది. తేలిపోయిన కథలో రాజు అంతవరకూ లేని కారణమేదో తెచ్చి గట్టెక్కుతాడు. ఆ మోసం పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ (తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం) రోజుకొక్క భాగమే చదవండి. నెలంతా ఎదురుచూసేవాళ్ల కోసం రాసినవి కాబట్టి ప్రతి భాగమూ ఓ ప్రమాదం దగ్గర ఆగుతుంది. వరసగా మూడు చదివితే ఆ ఎత్తుగడే విసుగు పుట్టిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. గయ్యాళి పెళ్లాం, దుర్మార్గపు సవతితల్లి పదే పదే వస్తారు. అలాంటి కథను మధ్యలో మార్చి చదివితే అతుకు తెలిసిపోతుంది. ముందే చూసుకుని మొత్తంగా వదిలేయడం మేలు.

కొనేముందు పుట సంఖ్యలు చూడండి. పిన్ను తుప్పుపట్టి నడిమి కాగితం ఊడితే వరసగా నాలుగు పుటలు పోతాయి. పై కాగితం ఊడితే మొదట రెండు, చివర రెండు. సీరియల్ సాధారణంగా ఒక బౌండులో మొదలై మరోదాంట్లో ముగుస్తుంది, రెండూ ఉన్నాయో లేదో అడగండి. కొందరు బైండింగ్‌లో అట్టలు తీసేస్తారు. దాంతో వడ్డాది పాపయ్య ముఖచిత్రమే పోతుంది. అంచులు మరీ లోపలికి కోయిస్తే శంకర్ బొమ్మల చివర్లు తెగుతాయి. కొత్తగా బైండు చేయిస్తే ఈ రెండూ ముందే చెప్పాలి. తుప్పు పిన్నులు తీయించి దారంతో కుట్టించండి. మైదా జిగురులో పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు పట్టుకునే పుస్తకానికి వద్దనండి. చిరుగులకు సెల్లోటేపు వేయకండి, కొన్నేళ్లకు పసుపు మరక మిగిల్చి అదే ఊడిపోతుంది. పలచటి కాగితపు పట్టీ, కాస్త జిగురు చాలు.

బౌండు దొరక్కపోతే స్కాన్లున్నాయి. ఫోనులో పుట పట్టదు, జరుపుతూ చదివితే లయ తెగిపోతుంది. పది అంగుళాల ట్యాబ్ నిలువుగా పెడితే పుటంతా ఒకేసారి కనిపిస్తుంది, పక్కన కూర్చున్న పిల్లకు బొమ్మ కూడా అందుతుంది.