అగ్గి తెగులు పుట్టిల్లు ఎక్కడ? ఏ ఆధారం మేలు?

సాంబ మసూరికి అగ్గి తెగులు తగిలిన ప్రతిసారీ "అసలు ఈ శిలీంధ్రం ఎక్కడిది?" అని అడుగుతూనే ఉంటారు. ఊరి పేరు చెప్పేముందు, ఏ ఆధారాన్ని నమ్మాలో తేల్చుకోవాలి.

పాత రాతలతో పెద్దగా పని జరగదు. చైనాలో 1637 నాటి గ్రంథంలో ఈ తెగులు ప్రస్తావన ఉంది. మన దేశంలో 1913లో నమోదైంది. తెగులు గురించి ఎవరు ముందు రాసిపెట్టారో వీటివల్ల తెలుస్తుంది, అంతే.

నా మొగ్గు జన్యు వైవిధ్యం వైపు, అందులోనూ శిలీంధ్రం జతకట్టే చోటు వైపు. అగ్గి తెగులు శిలీంధ్రానికి రెండు జత రకాలుంటాయి. అవి కలవాలి, వాటిలో ఆడపాత్ర పోషించగల సత్తా మిగిలి ఉండాలి, అప్పుడే జన్యువులు కలగలుస్తాయి. వరి పండే చాలా దేశాల్లో ఇది జరగదు. అక్కడ వ్యాపించేవి ఒకే తల్లి నకళ్లు. దక్షిణ చైనా, లావోస్ నమూనాల్లో మాత్రం కలగలుపు ఆనవాళ్లు దొరికాయి. బయటికి వెళ్లినవి నకళ్లే అయితే, ఇంకా జతకడుతున్న చోటే పుట్టిల్లని అనుమానించడం న్యాయం.

రకాలు ఎక్కువున్నాయి కదా అని అంతటితో తీర్పు చెప్పేయకూడదు. నాలుగు దిక్కుల నుంచి వచ్చి చేరినా వైవిధ్యం పెరుగుతుంది. బంగాళాదుంప లేట్ బ్లైట్ తెగులు పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలా, మెక్సికోనా అని ఏళ్ల తరబడి నడిచిన వాదంలో ఈ చిక్కూ ఉంది. (దాని కారకం నిజానికి శిలీంధ్రం కాదు, ఊమైసీట్ అనే, శిలీంధ్రంలా కనిపించే వేరే జీవి.) రెండు జత రకాలూ కలిసే టొలుకా లోయ ఉన్న మెక్సికో వైపే 2014 నాటి జన్యు అధ్యయనం తేల్చింది.

ఇక జన్యు గడియారం, అంటే జన్యువుల్లో పోగైన మార్పుల్ని (మ్యూటేషన్లను) బట్టి కాలాన్ని లెక్కగట్టడం. శిలీంధ్రం కొర్ర జాతి నుంచి వరికి దూకింది సుమారు 7,000 ఏళ్ల క్రితమని 2005లో అన్నారు. 2018లో మరో బృందం దాదాపు 9,800 అంది. మ్యూటేషన్ వేగాన్ని ఎంతగా లెక్కేశారన్నదాన్ని బట్టి తేదీ జరిగిపోతుంది, అందుకే ఆ అంకెలకు నేను పెద్దగా విలువివ్వను. కానీ ముందు కొర్ర, తర్వాత వరి అన్న వరుసను చూపించింది జన్యువులే. జతకట్టే చోటు చూసి ఆ సంగతి చెప్పలేం.

నిన్నమొన్నటి వలసలకైతే జీనోమ్‌కు (జీవి మొత్తం జన్యు సమాచారానికి) పోటీ లేదు. ఇదే జాతి శిలీంధ్రం గోధుమకు తెచ్చే తెగులు గోధుమ బ్లాస్ట్‌ను మొదట 1985లో బ్రెజిల్‌లో గుర్తించారు. 2016లో అది బంగ్లాదేశ్‌లో బయటపడితే, దక్షిణ అమెరికా నుంచే వచ్చిందని జీనోమ్ పోలిక కొద్ది నెలల్లోనే చూపించింది. అలాంటప్పుడు జత రకాల కోసం వెతుకుతూ కూర్చోవడం టైమ్ వేస్ట్.