మీటర్ మంచిదే, మాన్యువల్‌లోనే ఒక్క లైను తక్కువైంది

వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలకు ప్యానెల్ పనులు చేస్తుంటాను. పోయిన నెల ఒక స్టోరేజీ సేటు, కంప్రెసర్లకు ఎంత కరెంటు కాలుతున్నదో విడిగా కంప్యూటర్‌లో కనపడాలి అంటే, హన్మకొండలో ఒక షాపు నుంచి మోడ్‌బస్ (రీడింగులను వైరు మీద కంప్యూటర్‌కు పంపే పద్ధతి) ఉన్న త్రీఫేజ్ ఎనర్జీ మీటర్ తెచ్చి బిగించాను. కంపెనీ పేరు రాయను. ఇదే లోటు వేరే కంపెనీల మీటర్లలో కూడా చూశాను.

ముందు మంచి చెప్తా. డిస్‌ప్లే బాగుంది, ప్యానెల్ రూములో లైటు లేకున్నా దూరం నుంచే అంకెలు కనపడతాయి. టర్మినల్ స్క్రూలు గట్టిగా ఉన్నాయి. నా క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజులూ పట్టి చూస్తే ఆంపియర్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. దీనికి ఫుల్ మార్కులు.

గొడవంతా కంప్యూటర్‌కు కలిపాక మొదలైంది. మీటర్ మీద వోల్టేజి 230.5, స్క్రీన్ మీద -0.00. మీటర్ మీద 12 యూనిట్లు, స్క్రీన్ మీద 786432. సేటు పక్కనే నిలబడి "ఏం తమ్మీ, మీటర్ల పన్నెండే ఉంటే నీ కంప్యూటర్ల ఏడు లక్షలు ఎట్లొస్తున్నయ్?" అన్నాడు. నాకు టెన్షన్. కంప్యూటర్‌కు పోయే ఏ, బీ డేటా వైర్లు అటూఇటూ మార్చి చూశా, అసలు రీడింగే ఆగిపోయింది, మళ్లీ మార్చా. షాపుకు ఫోన్ చేస్తే సాఫ్ట్‌వేర్ తప్పన్నారు, సాఫ్ట్‌వేర్ ఇచ్చినాయన మీటర్ పాడైందన్నాడు. విచిత్రంగా ఫ్రీక్వెన్సీ ఒక్కటి 49.98 అని కరెక్టుగా వస్తోంది. ఇంతలో మీటర్ 13కి మారింది, స్క్రీన్ 851968కి మారింది. తీసేసి చూస్తే తేడా సరిగ్గా 65536. ఆ అంకె కనపడగానే ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే అది 2ను పదహారుసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య, అంటే వైర్లు బాగానే ఉన్నాయి, అంకె ముక్కలే అటుదిటు అయినాయి.

దీన్నే బైట్ ఆర్డర్ లేదా ఎండియన్‌నెస్ అంటారు. ఒక్క బైట్‌లో (ఎనిమిది బిట్లు, అంటే ఎనిమిది 0/1ల ముక్క) పట్టని పెద్ద సంఖ్యను రెండు, నాలుగు బైట్లుగా విడగొట్టి పెట్టాలి కదా, అప్పుడు ఏ ముక్క ముందు అన్నదే ప్రశ్న. పెద్ద విలువ ఉన్న ముక్క ముందొస్తే బిగ్ ఎండియన్, చిన్నది ముందొస్తే లిటిల్ ఎండియన్. బైట్ లోపలి బిట్లు మాత్రం తిరగబడవు, ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈ పేర్లు 1726 నాటి గలివర్ ట్రావెల్స్‌లోవి, అందులో గుడ్డును పెద్ద కొస వైపు పగలగొట్టాలా చిన్న కొస వైపా అని కొట్టుకుంటారు. 1980 ఏప్రిల్ 1న డానీ కోహెన్ అనే ఆయన ఒక వ్యాసంలో ఆ పేర్లను బైట్ల గొడవకు పెట్టాడు, అవే నిలిచిపోయాయి.

మనకు ఈ రెండు పద్ధతులూ కొత్త కాదు. 1084 అని వేలతో మొదలుపెట్టి రాస్తాం, చదువుతాం, అది బిగ్ ఎండియన్. పాత పద్యాల్లో, శాసనాల్లో సంవత్సరాన్ని మాటల్లో చెప్పే పద్ధతికి "అంకానాం వామతో గతిః" అని సూత్రం, ఒకట్ల స్థానం ముందు. వేయిస్తంభాల గుడి శాసనంలోని శక సంవత్సరం 1084ను ఆ లెక్కన చెప్పాలంటే వేద, వసు, గగన, ఇందు అనాలి: 4, 8, 0, 1. అచ్చంగా లిటిల్ ఎండియన్. బళ్లో కూడికలు కూడా ఒకట్ల నుంచే మొదలుపెట్టేవాళ్లం, చేతిలో మిగిలింది పక్కకు పోయేది. అందుకే లెక్కలు చేసే చిప్‌కు అది సుఖం. ఇంటెల్ ప్రాసెసర్లు లిటిల్ ఎండియన్, మన ఫోన్లలోని ఏఆర్‌ఎం చిప్‌లు కూడా దాదాపు అన్నీ అలాగే నడుస్తాయి. నెట్‌వర్క్‌లో పోయే ఇంటర్నెట్ ప్యాకెట్ల హెడర్లు మాత్రం బిగ్ ఎండియన్, నెట్‌వర్క్ బైట్ ఆర్డర్ అన్నా అదే.

మోడ్‌బస్ 1979లో వచ్చింది. అందులో ఒక్కో రిజిస్టర్ (అంకె పెట్టే గడి) 16 బిట్లు, అంటే రెండు బైట్లు, దాంట్లో పెద్ద బైట్ ముందు అని రూల్ స్పష్టంగా ఉంది. ఫ్రీక్వెన్సీ ఒక్క రిజిస్టరే కాబట్టి సరిగ్గా వచ్చింది. వోల్టేజి, యూనిట్లు 32 బిట్లు, రెండేసి రిజిస్టర్లు కావాలి, ఆ రెండింటిలో ఏది ముందో ఆ రూల్ చెప్పదు, కంపెనీ ఇష్టం. 230.5 అంటే కంప్యూటర్ రాసుకునే హెక్స్ లెక్కలో నాలుగు బైట్లు 43 66 80 00. ఈ మీటర్ దాన్ని 80 00 43 66 అని పంపుతోంది, తిన్నగా చదివితే సున్నాకు అంటుకున్న నెగెటివ్ అంకె అవుతుంది, అందుకే -0.00. సాఫ్ట్‌వేర్‌లో నాలుగు బైట్ల వరుస ఏబీసీడీ అని ఉన్నదాన్ని సీడీఏబీ చేశా, అంతే, 230.5 వచ్చింది. పని అరనిమిషం, వెతుకులాట మధ్యాహ్నమంతా.

ఏ వరుస పెట్టుకున్నా తప్పు కాదు, కానీ ఆ వరుసేదో చెప్పాలి. నలభై పేజీల మాన్యువల్‌లో రిజిస్టర్ టేబుల్ ఉంది, బాడ్ రేటు ఉంది, డ్రిల్ చేయాల్సిన రంధ్రం కొలత కూడా ఉంది, ఇది లేదు. కొత్తగా పని నేర్చుకుంటున్న పిల్లలైతే మంచి మీటర్‌నే పాడైందని వాపసు ఇచ్చేస్తారు, లేదా సేటు ముందు మాట పడతారు. నాకు బాధ అక్కడే.

ఐదుకు మూడున్నర ఇస్తా. కొనేవాళ్లు కౌంటర్ దగ్గరే "32 బిట్ రీడింగ్‌కు వర్డ్ ఆర్డర్ ఏది" (అంటే రెండు రిజిస్టర్లలో ఏది ముందు) అని అడగండి, చెప్పలేకపోతే బిగించగానే డిస్‌ప్లేలో తెలిసిన వోల్టేజి పెట్టుకుని సాఫ్ట్‌వేర్‌లో నాలుగు వరుసలూ (ఏబీసీడీ, సీడీఏబీ, బీఏడీసీ, డీసీబీఏ) మార్చి చూడండి, యూనిట్ల జోలికి తర్వాత పోండి. సేటు ఇంకో రెండు ఇవే తెమ్మన్నాడు, తెస్తున్నా. మొదటి ప్యానెల్ తలుపు లోపల మార్కర్‌తో సీడీఏబీ అని పెద్దగా రాసిపెట్టాను.