ఐ-140 అప్రూవల్‌తో తొమ్మిదేళ్లు: ఆ ఒక్క తేదీ గురించి

అమెరికాలో ఉద్యోగం మీద గ్రీన్ కార్డు కావాలంటే కంపెనీ ముందు పర్మ్ అనే లేబర్ అనుమతికి దరఖాస్తు వేస్తుంది, అది వచ్చాక మన కోసం ఐ-140 అనే పిటిషన్ వేస్తుంది, అంతకు మించి వివరాలు ఇక్కడ చెప్పను. నేను రాయాలనుకున్నది అప్రూవల్ నోటీసు మీద ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డు లైన్లో మన చోటు చెప్పే తేదీ, ఉండే చిన్న గడి గురించి. నాది ఈబీ-2 (పై చదువులు అవసరమైన ఉద్యోగాల కేటగిరీ), ఇండియాలో పుట్టినవాళ్ల లైను, 2015 సెప్టెంబర్ 21. మా కంపెనీ పర్మ్ వేసిన రోజు అది. ఈ తొమ్మిదేళ్లలో ఉద్యోగం మారింది, ఇల్లు మారింది, అటార్నీ మారారు, ఆ తేదీ మాత్రం నాతోనే ఉంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా నచ్చింది అదే. మధ్యలో మూడున్నర నెలలు అది పోయిందేమో అని నిద్ర లేకుండా గడిపాను కూడా.

మొదట ప్రీమియం సంగతి, అంటే అదనపు ఫీజు కట్టి ఐ-140కి జవాబు తొందరగా తెప్పించుకోవడం. 2016 ఏప్రిల్‌లో 1,225 డాలర్లు కట్టి వేశారు, 15 రోజుల్లో ఏదో ఒక జవాబు అన్నారు. రసీదు నంబరు చేతికొచ్చాక రోజుకు పదిసార్లు స్టేటస్ చూసేదాన్ని, వంట చేస్తూ కూడా. పద్నాలుగో రోజు అప్రూవ్డ్ అని కనబడింది. ఆ వారమంతా డల్లాస్‌లో తెలిసిన వాళ్లందరికీ ఆలోచించకుండా ప్రీమియం కట్టేయండి అని చెప్పాను. చెప్పడానికి కారణం కూడా ఉంది, నా ఆరేళ్ల హెచ్-వన్ వర్క్ వీసా గడువు దగ్గర పడుతోంది, అప్రూవల్ ఉంటే ఆరేళ్లు దాటాక కూడా మూడేళ్ల చొప్పున పొడిగిస్తారు. మా ఆయనకు హెచ్-4 ఈఏడీ, అంటే హెచ్-వన్ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి, వచ్చింది, మూడేళ్లు ఇంట్లో ఉన్న మనిషి మళ్లీ ఉద్యోగంలో చేరారు. ఆయన మొదటి రోజు లంచ్ బాక్స్ పట్టుకుని కారెక్కుతుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఖమ్మంలో ఉన్న నాన్నకు ఫోన్‌లో వివరించాను, కార్డు ఇంకా రాలేదు నాన్నా, లైన్లో చోటు దొరికింది అంతే అని. ఆయన కాసేపు ఆలోచించి, "ఓహో, కిరసనాయిలు క్యూలో డబ్బా పెట్టి ఇంటికి వచ్చినట్టన్నమాట. డబ్బా ఎవరూ జరపకుండా ఉంటే చాలు కదమ్మా" అన్నారు. ఇంతకంటే బాగా నాకు ఏ అటార్నీ చెప్పలేదు.

2020 అక్టోబర్‌లో ఒకసారి ఆశ పుట్టింది. ఈబీ-2కి కింది కేటగిరీ అయిన ఈబీ-3లో ఇండియాకు ఫైలింగ్ తేదీ, అంటే ఏ ప్రయారిటీ డేట్‌కు ముందువాళ్లు చివరి దరఖాస్తు వేయొచ్చో చెప్పే తేదీ, ఒక్కసారిగా 2015 జనవరి 1కి వచ్చింది, 2014 తేదీల వాళ్లు చాలామంది ఈబీ-3కి డౌన్‌గ్రేడ్ చేసుకుని 485 (గ్రీన్ కార్డు చివరి దరఖాస్తు) వేసేశారు. నేను తొమ్మిది నెలల లోపు తేడాలో ఆగిపోయాను. సరే.

2021 జనవరిలో కంపెనీ మారాను. ఆ మార్చిలో ఒక రాత్రి అలవాటు కొద్దీ పాత రసీదు నంబరు కొట్టి చూస్తే విత్‌డ్రాయల్ అక్నాలెడ్జ్‌మెంట్ నోటీస్ పంపినట్టు ఉంది. పాత కంపెనీ పిటిషన్ వెనక్కి తీసుకుంది, నాకు ఒక్క మాట చెప్పలేదు. చేతులు చల్లబడ్డాయి. తెల్లారేదాకా చదివితే తెలిసింది, 2017 జనవరి 17 నుంచి అమల్లో ఉన్న రూల్ ప్రకారం అప్రూవ్ అయి 180 రోజులు దాటాక కంపెనీ వెనక్కి తీసుకున్నా ఆ కారణంగా అప్రూవల్ రద్దు కాదు, తేదీ మనదే. మోసం, పొరపాటు లాంటివి బయటపడితే తప్ప. ఎవరో ఎక్కడో మనలాంటి వాళ్ల గురించి ఆలోచించి రాసిన రూల్ అనిపించింది.

అసలు దెబ్బ 2022లో తగిలింది. కొత్త కంపెనీ మళ్లీ పర్మ్ చేసి, మార్చిలో ప్రీమియంలో కొత్త ఐ-140 వేసింది. పదకొండు రోజుల్లో అప్రూవల్. అటార్నీ ఆఫీసు నుంచి అభినందనలు అని మెయిల్, దానికి పీడీఎఫ్. ఫోన్‌లో తెరిచి వేళ్లతో పెద్దది చేశాను. పేరు సరిగ్గానే ఉంది, కేటగిరీ సరిగ్గానే ఉంది, ప్రయారిటీ డేట్ గడిలో 2021 జూన్. కొత్త పర్మ్ తేదీ. ఫోన్ కింద పెట్టి, మళ్లీ తీసి చూశాను. దాదాపు ఆరేళ్లు ఆ గడిలోంచి మాయమయ్యాయి. నాన్న చెప్పిన డబ్బాను ఎవరో ఎత్తి వరస చివర పెట్టినట్టు అయింది.

ఫోన్ చేస్తే నా ఫైలు చూసే అమ్మాయి, అప్రూవ్ అయింది కదండీ, ఇంకేంటి అంది. గట్టిగా అడిగితే రెండు రోజుల తర్వాత తేలింది, పిటిషన్‌తో పాటు పాత అప్రూవల్ నోటీసు కాపీ పెట్టలేదు, పాత తేదీ ఇవ్వమని కవర్ లెటర్లో ఒక్క ముక్క రాయలేదు. నన్ను అడగనూ లేదు. అడిగినా నా దగ్గర ఆ కాపీ లేదు. పిటిషన్ కంపెనీది కాబట్టి నోటీసు కంపెనీకే వెళ్తుంది, పాత కంపెనీ నాకు నంబరు మాత్రమే ఇచ్చింది. వాళ్ల హెచ్ఆర్‌కు నాలుగు మెయిల్స్ పెట్టాను, ఒక్కదానికీ జవాబు లేదు.

అప్పుడు ఆఫీసులో ఒక తమిళ ఆవిడ ఎఫ్ఓఐఏ వేయమని చెప్పారు. మన ఆర్టీఐ లాంటిదే, మన రికార్డులు మనమే ఆన్‌లైన్‌లో అడగొచ్చు. నేను ఫీజు కూడా కట్టలేదు. తొమ్మిది వారాలకు స్కాన్ చేసిన పేజీల కట్ట వచ్చింది, కొన్ని చోట్ల తెల్లగా కొట్టేసి ఉంది. తిప్పుకుంటూ పోతే పాత ఐ-140 ఫారం మొదటి పేజీ, ఆఫీసు వాళ్లు నింపే గడుల్లో అప్రూవల్ ముద్ర, దాని దగ్గర్లో 2015 సెప్టెంబర్ 21. రాత్రి పదకొండు దాటింది, మా ఆయన్ని లేపి చూపించాను. ఆ పేజీ జతచేసి సవరణ అడిగితే మొత్తం మూడున్నర నెలలకు పాత తేదీతో కొత్త నోటీసు వచ్చింది. తర్వాత ఇంకో లాయర్‌ను అడిగితే, నోటీసులో తప్పు పడినంత మాత్రాన హక్కు పోదు, 485 వేసేటప్పుడు పాత అప్రూవల్ చూపించి అడగొచ్చు అన్నారు. ఆ మాట మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ప్రీమియం గురించి అప్పుడు అంత గట్టిగా చెప్పాను కదా, ఇప్పుడు అలా చెప్పను. హెచ్-వన్ గడువు ముంచుకొస్తున్నవాళ్లకు, ఈఏడీ కోసం చూస్తున్నవాళ్లకు ఇప్పటికీ కట్టమనే అంటాను. కానీ జవాబు తొందరగా వచ్చినంత మాత్రాన లైను ముందుకు కదలదు. పిల్లలున్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి, 21 నిండిన పిల్లలకు మన దరఖాస్తులో భాగంగా గ్రీన్ కార్డు రాదు, ఆ 21 ఏళ్ల లెక్క వేసేటప్పుడు ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజులను పిల్లల వయసులోంచి తీసేస్తారు. నాకు అలా తగ్గేది పద్నాలుగు రోజులో, పదకొండు రోజులో. మామూలుగా వేసి నెలల తరబడి ఆగినవాళ్లకు ఆ నెలలన్నీ కలిసొస్తాయి. 2016లో మావాడికి నాలుగేళ్లు కూడా నిండలేదు, ఆ లెక్క మా ఊహలోకే రాలేదు.

ఇప్పుడు వాడికి పదమూడు. 2025 వేసవిలో ఈబీ-2 ఇండియా తుది తేదీ, అంటే గ్రీన్ కార్డు ఇచ్చే వంతు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే తేదీ, 2013 జనవరి 1 దగ్గర నెలల తరబడి కదలకుండా ఉంది. వాడికి 21 వచ్చేలోపు నా వంతు వస్తుందని గట్టిగా చెప్పలేను. కాబట్టి నా అనుభవం చూసి ఎవరూ నిర్ణయం తీసుకోవద్దు. పిల్లలు లేనివాళ్లకు, లేదా ఇక్కడే పుట్టిన పిల్లలున్నవాళ్లకు, ఇద్దరూ హెచ్-వన్‌లో ఉన్నవాళ్లకు ఈ నిరీక్షణ ఇంకోలా ఉంటుంది. నా వరకు, ఇద్దరం ఉద్యోగాలు చేసుకుంటున్నాం, మూడేళ్లకోసారి పొడిగింపు వస్తోంది, తేదీ పదిలంగా ఉంది.

మీ పిటిషన్ అప్రూవ్ అయిన వారంలోనే నోటీసు కాపీ అడిగి తీసుకోండి, ఉద్యోగంలో ఉన్నప్పుడే, సంబంధాలు బాగున్నప్పుడే. తీసుకోగానే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు ఆ గడి చూడండి. నా రెండు నోటీసులు, ఆ స్కాన్ పేజీ పాస్‌పోర్టుల కవరులో ఉన్నాయి, ఇంకో కాపీ ఖమ్మంలో నాన్న బీరువాలో ఉంది.