రొయ్యల గుంట గట్టు మీద ఏడేళ్ళుగా వింటున్న పాటలు

ఫోనులో క్రైస్తవ పాటలు వినడం నేను భక్తితో మొదలుపెట్టలేదు, నిద్ర ఆపుకోడానికి మొదలుపెట్టాను. ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపు లీజుకు తీసుకున్న రొయ్యల గుంటలు మావి. ఈ సాగులో పగలు చేసే పని ఒక ఎత్తు, తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా కాపలా ఒక ఎత్తు. పగలంతా నీటిలో ఉండే నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పోటీపడి పీల్చుకుంటుంది. అందుకే తెల్లారబోయే ముందు నీళ్ళు బాగా బలహీనపడతాయి. అప్పుడు గనక కరెంటు పోయి, జనరేటర్ వేయాల్సినవాడు కునుకు తీస్తే, లేచేసరికి రొయ్యలన్నీ పైకొచ్చి గట్టు వెంబడి నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. అది ఒక్కసారి చూశాను, చాలు.

ఏడేళ్ళ కింద పదిహేను వందలు పెట్టి ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ కొన్నాను. షెడ్డు గుంజకు మేకు కొట్టి, మంచు పడకుండా ప్లాస్టిక్ కవరు తొడిగి తగిలించాను. మొదటి ఏడాది యూట్యూబులోనే వినేవాణ్ణి. అది గుంటల దగ్గర పనికిరాదు. స్క్రీన్ ఆపితే పాట ఆగిపోతుంది, ఆపకపోతే బ్యాటరీ అయిపోతుంది. పాడేవాడు కన్నీళ్ళతో చరణం అందుకునే వేళకు పెయింట్ల ప్రకటన వచ్చి పడుతుంది. డబ్బు కడితే ఈ బాధలు లేవు. నేను కట్టలేదు, మా బావమరిది చేత మెమరీ కార్డులో మూడొందల పాటలు వేయించుకున్నాను. ఏడేళ్ళుగా తీసేస్తూ, కొత్తవి కలుపుతూ వస్తున్నాను. ఇప్పుడు కార్డులో నలభై చిల్లర ఉన్నాయి. పోయినవి ఎందుకు పోయాయి, మిగిలినవి ఎందుకు మిగిలాయి అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి వడపోత ఏరియేటర్లది, అంటే నీళ్ళను చిలికి ఆక్సిజన్ కలిపే కరెంటు చక్రాలది. నాలుగు ఏరియేటర్లు ఒకేసారి తిరుగుతుంటే నీళ్ళను కొట్టే చప్పుడు తెల్లవార్లూ ఒకే శ్రుతిలో ఉంటుంది. ఈ పదేళ్ళలో వచ్చిన పాటల్లో చాలావాటికి కీబోర్డు పొగలా పరుచుకుని ఉంటుంది, గొంతుకు గుహలో పాడినట్టు ప్రతిధ్వని పెడతారు, వెనక ఇరవైమంది కోరస్. ఇయర్‌ఫోన్లలో వింటే ఒళ్ళు జలదరిస్తుంది, కాదనను. గట్టు మీద మాత్రం అదంతా ఏరియేటర్ మోతలో కలిసిపోయి, ఒక్క మాట అర్థమై చావదు. దాటి వినబడేవి మూడే: విడమరిచి పలికిన గొంతు, డోలక్, వేణువు. అందుకే పాడేవాళ్ళు ఒత్తులు మింగేస్తే నేను ఊరుకోను. 'స్తోత్రం'ను 'తోత్రం' అన్న పాట ఎంత పేరున్నదైనా తీసేశాను. మా ఆవిడ దీన్ని చాదస్తం అంటుంది.

నిడివి సంగతి. పది నిమిషాల పాటలు వస్తున్నాయి, మధ్యలో మూడు నిమిషాల ప్రసంగంతో. మొదట్లో విసుగేసేది. ఒకే వరుసను పన్నెండుసార్లు పాడితే ఎందుకురా ఇది అనిపించేది. కానీ ఈ ఒక్క విషయంలో నా మాట మార్చుకున్నాను. మేత వేసిన రెండు గంటలకు, రొయ్యలు ఎంత తిన్నాయో తెలియడానికి నీళ్ళలో దించి ఉంచే చెక్ ట్రే ఎత్తి చూడాలి. ఒక చేత్తో తాడు, ఒక చేత్తో టార్చి, నోట్లో మేత లెక్క. అప్పుడు చరణాలు గుర్తుండవు. పన్నెండుసార్లు విన్న ఆ నాలుగు మాటలే నాలుక మీద ఆడుతుంటాయి. నిద్రమత్తులో ఉన్నవాడికి అంతకంటే ఎక్కువ పట్టదు కూడా. ప్రసంగం ఉన్నవి మాత్రం ఇప్పటికీ ఉంచను. వాక్యం ఆదివారం మందిరంలో అయ్యగారు చెబుతారు.

ఇక అసలు వడపోత నాలుగో ఏడాది రెండో పంటకు జరిగింది. నలభై ఐదో రోజు పొద్దున్నే ట్రే ఎత్తితే మేత వేసింది వేసినట్టే ఉంది. రెండు రొయ్యల్ని చేతిలోకి తీసుకుని తల మీది పెంకు ఊడదీసి టార్చి వెలుగుకు పట్టి చూశాను. సున్నం చుక్కలు పెట్టినట్టు తెల్లటి మచ్చలు. వైట్ స్పాట్ వైరస్, మందు లేనిది. కౌంటు, అంటే కిలోకు తూగే రొయ్యల లెక్క, ఇంకా నూట ఇరవై దగ్గరే ఉంది, బాగా చిన్నవన్నమాట. అడిగిన రేటుకు ఇచ్చేసి, మిగిలిన నీళ్ళకు బ్లీచింగ్ కొట్టాం.

ఆ రాత్రి అలవాటు కొద్దీ స్పీకర్ వేశాను. వరసగా మూడు పాటలు వచ్చాయి. ఒకదాంట్లో దేవుడు నన్ను తలగా ఉంచుతాడు, తోకగా కాదు. ఇంకోదాంట్లో శత్రువుల ముందు నా తల పైకెత్తుతాడు. మూడోదాంట్లో ఈ సంవత్సరం నాకు రెట్టింపు. అవన్నీ బైబిల్లోంచి తీసుకున్న మాటలే, తప్పని నేను అనడంలేదు. కానీ బ్లీచింగ్ వాసన ముక్కులో ఉండగా ఆ రెట్టింపు అన్న మాట వినలేకపోయాను. స్పీకర్ పీకి సంచిలో పడేశాను. పదకొండు రోజులు తీయలేదు.

తిరిగి పాటల దగ్గరకు నన్ను తెచ్చింది ఫోను కాదు, మా అమ్మ. ఆమె దగ్గర అట్ట ఊడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంది. ప్రతి పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆమెకు ఏ రాగమూ తెలియదు, పుస్తకం తెరవాల్సిన పనీ లేదు. మంచం మీద కూర్చుని, వడ్లలో రాళ్ళేరుతున్నట్టు వేళ్ళు కదుపుతూ పాడుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటివాళ్ళు రాసిన ఆ కీర్తనల్లో పంట గురించి, అప్పుల గురించి హామీలు ఉండవు. నేను పాపిని, నీవు తప్ప దిక్కులేదు, చేయి పట్టుకో అని అడగడమే ఉంటుంది. ఆ పన్నెండో రోజు అది చాలింది.

అప్పటినుంచి కొత్తపాటల్లోనూ అలాంటివే వెదకడం మొదలుపెట్టాను. ఏమీ ఇస్తానని చెప్పకుండా ఊరికే ఏడ్చే పాటలు, ఎందుకు ప్రభువా అని అడిగే పాటలు. మూడొందల్లో ఏడు దొరికాయి. బైబిల్లో 150 కీర్తనలుంటే వాటిలో పెద్ద వాటా మొరపెట్టేవే. 88వ కీర్తన అయితే వెలుతురు అన్న మాట లేకుండా చీకటితోనే ముగుస్తుంది. మరి మన పాటల్లో ఏడుపు మొదటి చరణానికే అయిపోయి, రెండో చరణానికల్లా డ్రమ్స్ ఎందుకు మొదలవుతాయో నాకు అర్థంకాదు. గిటారు, డ్రమ్స్ ఆరాధనలోకి రావడం 1960లు, 70లలో అమెరికాలోని కుర్రకారు తెచ్చిన మార్పు. అది మన దగ్గరకొచ్చేసరికి డోలక్ కలిసింది, బాగానే కలిసింది. నా ఫిర్యాదు వాయిద్యాల మీద కాదు, తొందర మీద.

రోజూ గుంటలకు పోతూ బకింగ్‌హాం కాలువ దాటుతాను. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఈ కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరికేలా చేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా పూర్వీకుడు ఆ లెక్కలో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఈ జిల్లాలో చాలా క్రైస్తవ ఇళ్ళలో ఇదే చెప్పుకుంటారు, అందరివీ కలిపితే 2,222 దాటిపోతుందేమో! నిజమెంతో గానీ, గంపలో మట్టి మోస్తూ వాళ్ళేం పాడుకుని ఉంటారా అని కాలువ దాటేటప్పుడు అనిపిస్తుంది. రెట్టింపు గురించైతే పాడుకుని ఉండరు.

పాత కీర్తనలకు కొత్త సంగీతం కట్టి విడుదల చేయడం ఇప్పుడు ఎక్కువైంది. సగం బాగుంటాయి. తాళం మార్చి పరుగు పెట్టించినవి మా అమ్మకు ఒక్కటీ నచ్చలేదు, "పాట వెనకాల ఎవరైనా తరుముతున్నారా నాయనా" అంది. ఒంటి గొంతు, తంబుర శ్రుతి, పక్కన వేణువు మాత్రమే పెట్టినవి నాలుగు ఉన్నాయి. నా కార్డులో ఎక్కువ అరిగినవి అవే. క్రిస్మస్ పాటల గురించి చెప్పడానికేం లేదు. నవంబరు వస్తే కొత్తవి వందల్లో వస్తాయి, జనవరికి ఒక్కటీ గుర్తుండదు.

అన్నట్టు, కాపలా పెద్దయ్య మావాడు కాదు, కందుకూరు వైపు నుంచి వచ్చిన వెంకన్న భక్తుడు. మొదట్లో పాటలు వేస్తే అవతల గట్టుకు పోయి కూర్చునేవాడు. ఆ తర్వాతెప్పుడో ఒక రాత్రి దగ్గరకొచ్చి, "ఆ అరిచేది వద్దులే సామీ, నిన్న తెల్లారగట్ల ఒకాయన ఒక్కడే పాడాడే, అది పెట్టు" అన్నాడు. చూస్తే అది నా ఏడింటిలో ఒకటి. అప్పటినుంచి కొత్తపాట వేసుకునే ముందు ఆయనకు వినిపిస్తున్నాను. ఆయన తల అడ్డంగా ఊపితే సాధారణంగా అది నెల తిరక్కుండా నాక్కూడా మొహం మొత్తుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వీడియో చూడకుండా వినండి. వీడియోలో కొండలు, డ్రోన్ షాట్లు ఉంటే పాట ఉన్నదానికంటే బాగున్నట్టు అనిపిస్తుంది. కార్డులో వేసుకోండి. మంచి రోజున నచ్చిన పాటను వెంటనే నమ్మకండి, ఒక పాడు రోజు వచ్చేదాకా ఉంచి చూడండి.

స్పీకర్ ఇప్పుడు ముసలిదైంది, చార్జింగ్ రెండు గంటలకు మించి రావడంలేదు. అందుకని పెద్దయ్యా నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. పన్నెండు నుంచి మూడు దాకా ఆయన రేడియోలో పాత సినిమా పాటలు. మూడు కొట్టగానే రేడియో కట్టేసి, స్పీకర్ కవరు తీసి ఆయనే నా చేతికిస్తాడు.