ఏనుమాముల మిర్చి దుమ్ము, నా నెత్తి, ఒక గులాబీ రంగు షాంపూ

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమిషన్) దుకాణంలో లెక్కలు రాస్తాను. తొమ్మిదేళ్లయింది. ఫిబ్రవరి వచ్చిందంటే యార్డంతా తేజ, వండర్ హాట్ రకాల మిర్చి బస్తాలే. కాంటా దగ్గర ఒక్క బస్తా మూతి విప్పితే చుట్టూ ఉన్నవాళ్లంతా తుమ్ముతారు. అందుకే ముఖానికి స్కార్ఫ్ కట్టుకుంటాను. ఎండకు సన్‌స్క్రీన్, ఇంటికి రాగానే ఫేస్‌వాష్, తర్వాత మాయిశ్చరైజర్. ముఖం విషయంలో ఏ రోజూ బద్ధకించలేదు. నెత్తికి మాత్రం పొద్దున్నే కొబ్బరినూనె మర్దన చేసి, జడ వేసుకుని బయల్దేరేదాన్ని.

మిర్చి ఘాటు నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. నోరు మండితే ఎన్ని నీళ్లు తాగినా తగ్గక, పెరుగు తింటే తగ్గడం అందరికీ తెలిసిందే. నూనె పెట్టిన నెత్తి మీద ఆ దుమ్ము పడితే ఏమవుతుందో ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు. దురద పుట్టేది, కారం అంటిన గోళ్లతోనే గోక్కునేదాన్ని, గోకిన చోట భగ్గుమనేది. పొద్దున లేస్తే దిండు మీద పొట్టు. చెవుల వెనక ఎరుపు. కనుబొమ్మల్లో, ముక్కు పక్కన కూడా తెల్లగా పొరలు లేచేవి. పొడి చర్మం అనుకుని రెండేళ్లు క్రీములు మారుస్తూ పోయాను.

మధ్యలో ఒక పార్లర్‌లో రూ. 1,200 పెట్టి హెయిర్ స్పా చేయించుకున్నాను. చిక్కటి క్రీము కుదుళ్ల దాకా పట్టించి ఆవిరి పట్టారు. వెంట్రుకలు పట్టులా అయ్యాయి, మూడో రోజుకు దురద రెట్టింపైంది.

చివరికి హనుమకొండలో చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆమె పాపిట తీసి, లైటు వేసి చూశారు. "ముక్కు పక్కన ఉన్నదీ, నెత్తిలో ఉన్నదీ ఒకటే అమ్మా. నుదుటి మీది చర్మమే పైకి పోతుంది, దాని మీద వెంట్రుకలు ఉన్నాయంతే" అన్నారు. సెబోరిక్ డెర్మటైటిస్ అట, అంటే ముదిరిన చుండ్రు లాంటిది. మలసీజియా అనే ఒక రకం ఈస్ట్ అందరి చర్మం మీదా ఉంటుంది. చర్మంలోంచి ఊరే జిడ్డే దానికి ఆహారం. అది జిడ్డును విడగొట్టాక మిగిలే కొవ్వు ఆమ్లాలు కొందరి చర్మానికి పడవు. ఎర్రబడుతుంది, దురద పెడుతుంది, పొరలు రాలుతాయి. నెత్తిలో జిడ్డు ఎలాగూ ఎక్కువ. దానిపైన రోజూ నూనె పోస్తున్నది నేనే.

ఆమె రాసిందే ఈ షాంపూ, కీటోకోనజోల్ 2 శాతం. ఆ ఈస్ట్‌ను తగ్గించే మందు అది. కంపెనీ పేరు రాయడం లేదు, చాలా కంపెనీలు చేస్తాయి. సీసా మీద ఆ మందు పేరు, ఆ శాతం చూసుకుంటే చాలు. నాకు 100 మిల్లీలీటర్ల సీసా రూ. 300 లోపే వచ్చింది. లేత గులాబీ రంగు, కొంచెం మందు వాసన. నురగ తక్కువే. నురగ రాలేదని మొదటిసారి రెండు మూతలు ఎక్కువ పోశాను, అనవసరం.

దీన్ని వాడే పద్ధతిలోనే ఉంది అంతా. ముందు మామూలు షాంపూతో ఒకసారి కడిగి నూనె, దుమ్ము వదిలించుకుంటాను. సన్‌స్క్రీన్ రాసిన ముఖాన్ని రెండుసార్లు కడిగినట్టే ఇదీ. తర్వాత దువ్వెన కొసతో పాపిటలు తీస్తూ, ఒక్కో పాపిట వెంట వేలి కొనతో మందు పెడతాను. వెంట్రుకలకు కాదు, చర్మానికి. గోళ్లు తగలనివ్వను. చెవుల వెనక కూడా రాస్తాను. ఐదు నిమిషాలు ఆగాలి. నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. మొదటి వారం పెట్టగానే కడిగేశాను, ఏ తేడా లేదు. మొటిమల మందు రాసి వెంటనే తుడిచేస్తే పని చేస్తుందా? ఇప్పుడు బాత్రూంలోకి ఫోన్ తీసుకెళ్లి టైమర్ పెట్టుకుంటాను. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. తర్వాత డాక్టర్ చెప్పినట్టు పది రోజులకోసారి.

రెండో వారానికి దురద పోయింది. నాలుగో వారానికి దిండు శుభ్రం. నేను ఊహించనిది ముక్కు పక్కన లేచే పొరలు, అవీ తగ్గాయి. స్నానం చేసేటప్పుడు ఆ నురగనే అక్కడా కాసేపు ఉంచమన్నారు డాక్టర్.

లోపాలూ చెప్పాలి. కొసలు గడ్డిలా ఎండిపోతాయి. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి ఇంకా ఎక్కువ తెలిసింది. అందుకే చెవుల కింది నుంచి కొసల దాకా కండిషనర్ తప్పనిసరి, కుదుళ్లకు వద్దు. ఆపితే సమస్య మళ్లీ వస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లి నెల పైన వాడలేదు, చెవుల వెనక మళ్లీ మొదలైంది. ఇది చుండ్రును అదుపులో పెడుతుంది, శాశ్వతంగా పోగొట్టదు. జుట్టు ఒత్తుగా వస్తుందని కూడా కొనకండి. గోకడం ఆగాక నాకు రాలడం తగ్గింది, అంతవరకే చెప్పగలను. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి నెల రోజుల్లో జడ పొడవు చూసుకుని లాభం లేదు.

మా అమ్మతో మాత్రం పెద్ద పంచాయితీ అయింది. "నెత్తికి నూనె పెట్టకుంటే మాడు ఎండిపోదా బిడ్డా, కళ్లు మండవా?" అని రోజూ గిన్నె పట్టుకుని వెనకే తిరిగేది. ఆమెను నొప్పించడం నాకు ఇష్టం లేదు. ఆమె చేతి మర్దనకే కదా నాకు చిన్నప్పుడు నిద్ర పట్టింది. ఇప్పుడు ఆదివారం తలస్నానానికి గంట ముందు జడ విప్పి కొసలకు ఆమే నూనె రాస్తుంది, మాడుకు తాకనివ్వదు. నిమ్మకాయ రుద్దమని పక్కింటి పెద్దమ్మ చెప్పింది, అది మాత్రం ఒప్పుకోలేదు. ముఖానికి పచ్చి నిమ్మరసం రుద్దుకుని ఎండలోకి పోతే కాలుతుందని తెలిసినదాన్ని, గోకి పుండైన నెత్తికి ఎలా రుద్దుకుంటాను? చక్కెర పలుకుల స్క్రబ్‌లు కూడా అందుకే కొనలేదు.

యార్డులో ఇప్పుడు నెత్తికి కూడా కాటన్ చున్నీ కట్టుకుంటాను, పాపిట మీద ఎండ పడదు, దుమ్మూ పడదు. సాయంత్రం ఆ చున్నీ దులిపితే ఎర్రటి పొడి రాలుతుంది.

నా మార్కు 5కి 4. కొసలు ఎండబెట్టినందుకు ఒకటి తగ్గించాను. కడుపుతో ఉన్నవాళ్లు, చిన్నపిల్లలకు వాడాలనుకునేవాళ్లు డాక్టర్‌ను అడిగాకే తీసుకోండి. నా సీసాలో ఇంకా పావు వంతు ఉంది. జనవరి చివరికి బస్తాలు పెరుగుతాయి, ఆ లోపే ఇంకొకటి తెచ్చిపెట్టుకోవాలి.